తరుగు

మొదటి కొలత డెబ్బై ఒకటి.
తల వెనక్కి తీయించి, మళ్ళీ ఆనించి తీస్తే
డెబ్బై నాలుగు.
మూడోసారి అరవై తొమ్మిది.
ఒకే మనిషి, ఒకే ఎడమ కన్ను,
మధ్యలో గడిచింది నాలుగు నిమిషాలు.

ఎగ్మూరు ఆసుపత్రి రెండో అంతస్తులో
కిటికీ లేని గది నాది.
పొద్దుట్నుంచి రెప్ప కొట్టొద్దనీ, పచ్చ చుక్కనే చూడమనీ
అరవంలో వల్లిస్తుంటాను.
ఈయనకి మాత్రం తెలుగులో చెప్పాను,
షావుకారుపేట సందులో నలభై ఏళ్ళు
బంగారం కాచి, సాగదీసి, అతికిన
చెన్నుపల్లి గురవాచారి గారికి.

"ఇందులో ఏదమ్మా నిజం?"

మూడూ చీటీ మీద రాసిచ్చాను. ఇవ్వకూడదు.
మైక్రానంటే ఏమిటో చెప్పబోయాను,
వెంట్రుక మందం డెబ్బై దాకా ఉంటుందండీ అని.
"వెంట్రుకంత తీగ లాగిన చేతులివి" అన్నారాయన,
చీటీని ముక్కుకి ఆనించి చదువుతూ.
"నీటికాసులని పేరు పెట్టినవాడు కంసాలే అయ్యుంటాడు.
కాసులైతే ఇచ్చాడు గానీ
తరుగెంతో చెప్పలేదు."

తూచేటప్పుడు కొట్లో ఫ్యాను ఆపేవాళ్ళట.
తలుపు తెరిస్తే ముల్లు ఊగేదట,
గట్టిగా ఊపిరి వదిలినా గురిగింజ ఎత్తు తేడా.
వాళ్ళ నాన్న చెప్పేవాడట:
మూడుసార్లు తూచు, నడిమిది చెప్పు,
తక్కువది మాత్రం గుర్తుపెట్టుకో.

మరి ఇక్కడ ఫ్యానేది అని అడిగారు.
ఏదని చెప్పను?
కన్నీటి పొర ఆరితే ఒక అంకె,
తల వెంట్రుకవాసి వాలితే ఒక అంకె,
చూపు చుక్క మీంచి జారి
ఇంట్లో గ్యాసు కట్టేశామో లేదో అన్న దాని మీదికి పోతే
ఇంకో అంకె.
యంత్రం కూడా తక్కువది కాదు.
నరాల పొరకి పైనొకటి, కిందొకటి గీత గీస్తుంది,
ఒక్కోసారి ఆ గీత పక్కనున్న రక్తనాళం మీదెక్కి కూర్చుంటుంది.
పోయిన నెల పెరియమేడు నుంచి వచ్చినావిడకి
తొమ్మిది పెరిగింది.
నరం పెరగదు.
గీత సరిచేసి ఫోను చేసేసరికి
ఆవిడ అప్పటికే వీధంతా చెప్పేసింది.

ఆయన లేచి తడుముకుంటూ వెళ్ళి
ఏసీ కట్టేశారు.
"ఇప్పుడు తియ్యి."
డెబ్బై రెండు.
దాన్నెక్కడా రాయలేదు నేను.
మార్చి వేడి ఆ గదిలోకి నెమ్మదిగా దిగుతోంది.

నాలుగైదు మైక్రాన్ల లోపు తేడాని
తేడా అనుకోవద్దు,
ఆరు నెలలకి మళ్ళీ రండి, అప్పటికీ తగ్గితే చూద్దాం:
ఇవి డాక్టరమ్మ చెప్పాల్సిన మాటలు, నేనే చెప్పేశాను.
ఆయన తల ఊపారు, త్రాసు సంగతి తెలిసినవాడు కదా.
తర్వాత కుడి కన్ను ఆనించారు.

యాభై రెండు.
యాభై రెండు.
యాభై రెండు.
పాత ఫైలు తిరగేస్తే, మూడేళ్ళుగా అదే.

"చూశావా, ఇదీ నమ్మకమైన కన్నంటే!"

పచ్చ చుక్క ఆర్పేశాను.
అక్కడ తరగడానికి ఇంకేం లేదని,
మిగిలింది నాళాలూ, నరాలు పోయాక వాటి చోటు పట్టుకున్న పీచూ అని,
నరం ఖాళీ అయినా కొలత సున్నా దాకా దిగదని
ఏ భాషలో చెప్పాలో వెతుక్కుంటున్నాను.
నా మౌనాన్ని కూడా తూచారనుకుంటా.
గడ్డం ఆనించే పట్టీ మీది చెమట
తన తువ్వాలుతో తుడుస్తూ, నిదానంగా,
"ఒట్టి మూసని తూస్తున్నావన్నమాట" అన్నారు.
"దాని బరువు ఎప్పుడూ మారదులే."

రిపోర్టులో ఎడమ: డెబ్బై ఒకటి.
కుడి: యాభై రెండు, స్థిరం.
ఆ "స్థిరం" దగ్గర వేలు ఆగింది.
బయట తర్వాతి టోకెను పిలుస్తున్నారు.
చీటీ మాత్రం ఆయన తీసుకెళ్ళిపోయారు,
అరవై తొమ్మిది చుట్టూ సున్నా చుట్టి.